నాలుగడుగుల బల్ల మీద నౌపడ

విశాఖపట్నంలో ఒక రెండు పడకగదుల ఫ్లాటు. ఆమె ఇంజనీరు. ఇంట్లో ఒక బుల్లి మోడల్ రైల్వే కట్టాలని పెన్సిలూ స్కేలూ పట్టుకుని కూర్చుంది. ఆయన ఆమె మేనమామ. గూడ్సు యార్డులో షంటింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. రైలంటే ఇద్దరికీ ప్రాణం. తగువు వచ్చింది కూడా అందుకే.

మామయ్య: నాలుగడుగుల పొడుగు, అడుగు వెడల్పు! ఇందులో రైలెక్కడ పడుతుందమ్మాయ్? ఇంజను కదిలేలోపు బల్ల అయిపోతుంది.

మేనకోడలు: చెప్పుల స్టాండు పైన ఉన్న ఖాళీ అంతే మామయ్యా. మంచం కింద అమ్మ సూట్‌కేసులున్నాయి. బాల్కనీలో ఉప్పుగాలి. మిగిలింది ఇదే. అయినా ఇది నేను కనిపెట్టిన కొలత కాదు. అమెరికాలో కార్ల్ ఆరెంట్ అనే ఆయన ఇలాంటి బుల్లి లేఅవుట్లనే ఏళ్ల తరబడి పోగుచేసి పుస్తకాలు వేశాడు. మూడు నాలుగు చదరపు అడుగులకు మించనివాటిని మైక్రో లేఅవుట్లు అన్నాడు. ఒక్క షరతు పెట్టాడు: ఎంత చిన్నదైనా దానికి ఒక పని ఉండాలి, ఆ పని అది చేసి చూపించాలి.

మామయ్య: చోటు లేనివాళ్ళు చెప్పుకునే మాటలివి. చోటు లేకపోతే ఆగు. రేపు సొంతిల్లు కట్టుకుంటావు, పైన ఒక గది వేసుకుంటావు, గది నిండా పట్టాలు పరుచుకుందువుగాని. పుణేలో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూశాను. 1998 నుంచీ ఉంది. ఊరూ, రోడ్లూ, దీపాలూ, ఒక బండి వెనక ఇంకో బండి. హాంబర్గులో మినియేటుర్ వుండర్‌లాండ్ అని 2001లో మొదలుపెట్టారు. అక్కడ 15 కిలోమీటర్ల పైన పట్టాలున్నాయట. కడితే అలా కట్టాలి, లేదా ఊరుకోవాలి.

మేనకోడలు: గది వచ్చేదాకా ఆగినవాళ్ళ ఇళ్ళలో అట్టపెట్టెల్లో ఇంజన్లుంటాయి గానీ పట్టాలుండవు. సరే, గదే ఉందనుకోండి. మీ బండి అందులో పడుతుందా? హెచ్‌ఓ స్కేలంటే 1:87. అసలు 87 మీటర్లుంటే బొమ్మ ఒక మీటరు. మన పాత ఐసీఎఫ్ పెట్టె బఫర్లతో కలిపి 22 మీటర్ల పైచిలుకు. ఇరవైనాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ అంటే 535 మీటర్లు. హెచ్‌ఓలో అది ఆరు మీటర్లు దాటుతుంది, అంటే ఇరవై అడుగులు. ఇంజను ఇంకా కలపలేదు. మన హాలు పొడుగెంత?

మామయ్య: పద్నాలుగడుగులు.

మేనకోడలు: గోడ పగలగొట్టుకుని పక్కింటివాళ్ళ వంటింట్లోకి వెళ్తుంది మీ బండి. ప్లాట్‌ఫారం కూడా అంతే పొడుగుండాలి. ఇక దూరం సంగతి చూడండి. ఇక్కణ్ణుంచి విజయనగరం 61 కిలోమీటర్లు. 87తో భాగిస్తే 700 మీటర్లు. ఏ గదిలో వేస్తారు? అందుకే పెద్ద గదులున్నవాళ్ళు కూడా ఇరవైనాలుగు పెట్టెల్ని ఏడెనిమిదికి కుదిస్తారు, రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని రెండు మూరలు చేస్తారు. కుదింపు ఎవరికీ తప్పదు. వాళ్ళు రైలుబండిని కుదిస్తున్నారు, నేను కుదించకుండా వేయగలిగిన ముక్క ఏదా అని వెతుకుతున్నాను.

మామయ్య: మాటలు బాగానే చెబుతావు. కానీ బండన్నాక వెళ్ళాలి. గుండ్రంగానైనా తిరగాలి. తిరునాళ్ళలో అమ్మే కీ ఇచ్చే రైలు కూడా తిరుగుతుంది కదా!

మేనకోడలు: తిరగడానికే కదా మామయ్యా అంత చోటూ. హెచ్‌ఓలో ఎక్కువమంది వాడే వంపు 18 అంగుళాల వ్యాసార్ధం. వృత్తం మూడడుగులు, అంచులు కలుపుకుంటే నాలుగడుగులు. అమెరికాలో ఎంతోమంది ఎనిమిదికి నాలుగు ప్లైవుడ్ షీటుతో మొదలుపెట్టింది అందుకే. మన దగ్గరా షీటు అదే సైజు. అది వేస్తే డబుల్ కాట్ పరిచినట్టే, చుట్టూ తిరగడానికి మళ్ళీ దారి వదలాలి. పోనీ అంత చోటూ ఇచ్చాక వచ్చేది నిజమా? 18 అంగుళాలంటే 46 సెంటీమీటర్లు. 87తో పెంచితే నలభై మీటర్లు. మన బ్రాడ్‌గేజిలో అన్నిటికంటే గట్టి వంపు ఎంత?

మామయ్య: పది డిగ్రీలు. వ్యాసార్ధం 175 మీటర్లు.

మేనకోడలు: అది హెచ్‌ఓలో రెండు మీటర్లు. అంటే నాలుగు మీటర్ల వెడల్పు వృత్తం. నలభై మీటర్ల వంపులో మీ ఎక్స్‌ప్రెస్‌ని పంపిస్తారా?

మామయ్య: పంపిస్తే పొలంలో వెతుక్కోవాలి. సరే, హెచ్‌ఓ వదిలెయ్. ఇంకా చిన్నవి ఉన్నాయి కదా. చిన్న స్కేలు తీసుకుని పొడుగు బండి నడుపు.

మేనకోడలు: ఉన్నాయి. ఎన్ స్కేలు 1:160, జడ్ 1:220. జడ్‌ని జర్మనీ మెర్‌క్లిన్ కంపెనీ 1972లో తెచ్చింది. జపాన్ నుంచి టి అని కూడా వచ్చింది. 1:450, పట్టాల మధ్య మూడు మిల్లీమీటర్లే. దాంట్లో మీ ఇరవైనాలుగు పెట్టెలు 119 సెంటీమీటర్లు. నా బల్ల 122. మీ బండి మొత్తం పడుతుంది మామయ్యా, కదలడమొక్కటే కుదరదు.

మామయ్య: ఎగతాళి చెయ్యకు.

మేనకోడలు: ఎగతాళి కాదు. స్కేలు చిన్నదయ్యేకొద్దీ బండి బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే చక్రం పట్టాని సరిగ్గా అంటుకోదు, కరెంటు అందదు. పట్టా మీద తలవెంట్రుక పడ్డా ఆగిపోతుంది. నెమ్మదిగా నడపాలంటే బరువుండాలి. నాకు నెమ్మదిగా నడవడం ముఖ్యం. అందుకే స్కేలు హెచ్‌ఓ, గేజి మాత్రం నేరో. ఊరు నౌపడ.

మామయ్య: నౌపడ! రాజావారి బండా?

మేనకోడలు: అదే. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైటు రైల్వే. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, 1931 నాటికి గుణుపురం దాకా వేశారు. మొత్తం 90 కిలోమీటర్లు. గేజి 762 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే ఎనిమిది ముప్పావు. బజారులో దొరికే ఎన్ స్కేలు పట్టాల గేజి తొమ్మిది. పావు మిల్లీమీటరు తేడా! మనవాళ్ళు వేసిన చిన్న గేజికి ఎవరో పనిగట్టుకుని పట్టాలు చేసి పెట్టినట్టుంది. జపాన్‌లో కాటో, టొమిక్స్ కంపెనీలు చేసే ఎన్ ఇంజన్ల అడుగు భాగం తీసుకుని, పైన మన ఇంజను ఒళ్ళు నేనే చేసుకోవచ్చు. వంపులు కూడా చూడండి. నేరోగేజిలో నలభై డిగ్రీల దాకా ఒప్పుకుంటారు కదా?

మామయ్య: ఆఁ, 44 మీటర్లు.

మేనకోడలు: హెచ్‌ఓలో అర మీటరు. ఇక్కడ వంపు గురించి అబద్ధం చెప్పక్కర్లేదు.

మామయ్య: బాగానే ఉంది గానీ, సర్వీసంతా బ్రాడ్‌గేజిలో చేసినవాడి మేనకోడలివి నువ్వు. హౌరా-మద్రాసు మెయిన్ లైను పక్కనే ఉండగా దాన్ని వదిలేసి చిన్నబండి కడతావా? టెక్కలి, పాతపట్నం వైపు జనానికి అది బండి. రైల్వేకి మాత్రం అదొక సవతి బిడ్డ. 2004లో ఆపేశారు. 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజి వచ్చేసింది. పోయినదాన్ని ఎందుకు పట్టుకుంటావు?

మేనకోడలు: బ్రాడ్‌గేజిని వదల్లేదు. ఇంకా మీరు కోరినదానికంటే నిజంగా వేస్తున్నాను. షాపులో దొరికే హెచ్‌ఓ పట్టాలు పదహారున్నర మిల్లీమీటర్లు. 87తో పెంచితే 1435, అంటే యూరప్, అమెరికాల గేజి. మనది 1676. హెచ్‌ఓలో పందొమ్మిది మిల్లీమీటర్ల పైన రావాలి. దుకాణంలో అది లేదు. అందుకని మన ఇంజను బొమ్మల్ని కూడా సన్నపట్టాల మీదే నడుపుతారు, చూసేవాళ్ళు సర్దుకుంటారు. నా బల్ల వెనక అంచున బ్రాడ్‌గేజి సైడింగు ఒకటే ఉంటుంది. దాని మీద ఒక్క వ్యాగను నిలబడి ఉంటుంది. అది కదలదు. కదలనిదానికి దుకాణం పట్టాలెందుకు? స్లీపర్ల మీద పందొమ్మిదింపావు కొలిచి పట్టాలు నేనే అంటిస్తాను. పక్కన నేరోగేజి వ్యాగను నిలబడితే రెండు గేజిల తేడా అసలు కొలతలో కనిపిస్తుంది. మధ్యలో ట్రాన్స్‌షిప్‌మెంట్ షెడ్డు. ఈ పెట్టెలోంచి బస్తా దింపి ఆ పెట్టెలోకి ఎక్కించడం. నౌపడ ఉన్నదే అందుకు కదా.

మామయ్య: నడవని బ్రాడ్‌గేజే నిజమైన బ్రాడ్‌గేజి అంటావు. ఏం వాదన తల్లీ! సరే, ఈ చిన్నబండి ఏం చేస్తుంది నాలుగడుగుల్లో? వస్తుంది, ఆగుతుంది, వెనక్కి పోతుంది. పది నిమిషాల్లో విసుగొస్తుంది.

మేనకోడలు: అక్కడికే వస్తున్నాను. ఇంగ్లండులో అలాన్ రైట్ అనే ఆయన ఒక ఏర్పాటు చేశాడు. పేరు ఇంగిల్‌నూక్ సైడింగ్స్. పట్టాలు చీలే పాయింట్లు రెండు, లైన్లు మూడు. ఒక లైనులో అయిదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెంటిలో మూడేసి. ఇటువైపు ఇంజను ముందుకూ వెనక్కూ జరగడానికి షంటింగ్ నెక్ ఉంటుంది, దాంట్లో ఇంజనూ మూడు వ్యాగన్లే పడతాయి. మొత్తం వ్యాగన్లు ఎనిమిది. పేకముక్కల్లాంటి చీటీల మీద వ్యాగన్ నంబర్లు రాసి, కలిపి, అయిదు తియ్యాలి. వచ్చిన వరుసలోనే ఆ అయిదింటినీ పెద్ద లైనులో కూర్చాలి. అయిదు చీటీలు 6720 రకాలుగా రావచ్చు. చోటు చాలనందువల్లే ఆ ఆట కుదిరింది. షంటింగ్ నెక్ ఇంకో రెండు వ్యాగన్ల పొడుగుంటే కష్టం పోతుంది, దాంతోపాటు సరదా కూడా.

మామయ్య: ఇది నౌపడలో పడుతుందా?

మేనకోడలు: నేరోగేజి నాలుగు చక్రాల వ్యాగను హెచ్‌ఓలో ఏడు సెంటీమీటర్లు అనుకోండి. షంటింగ్ నెక్ ముప్పై, పాయింట్లు రెండూ కలిపి పాతిక, పెద్ద లైను ముప్పైఅయిదు. మొత్తం తొంభై. ఇంకా ముప్పై మిగిలింది. అక్కడ అడ్డంగా ఒక గోడ, గోడకి కన్నం. వెనక కదిలే చెక్క మీద ఒక పట్టా. బండి అందులోంచి వస్తుంది, అందులోకే పోతుంది. చెక్క తీసి తిప్పి పెడితే ఇంకో బండి.

మామయ్య: ఆ ముప్పై సెంటీమీటర్ల చెక్కముక్కేనా పర్లాకిమిడి?

మేనకోడలు: నౌపడ యార్డులో పనిచేసే మనిషికి పర్లాకిమిడి అంటే ఏమిటి మామయ్యా? బండి వచ్చే దిక్కు. మీరు సర్వీసులో ఎన్ని వేల వ్యాగన్లు నాగపూరుకీ మద్రాసుకీ పంపించి ఉంటారు! వాటి వెనక మీరు వెళ్ళారా?

మామయ్య: వెళ్ళలేదు. వెళ్ళలేదు గనకే చెబుతున్నాను, విను. నీకు షంటింగ్ ఒక పజిల్. నాకు కాదు. నడిరాత్రి, వాన, పట్టాల మధ్య నీళ్ళు. ఒక మనిషి రెండు బఫర్ల మధ్య వంగి లోపలికి దూరాలి. స్క్రూ కప్లింగు బరువు తెలుసా? దాన్ని ఎత్తి అవతలి కొక్కేనికి తగిలించి, మర తిప్పి బిగించాలి. ఆ మనిషి బయటికి రాకముందే ఇంజను ఓ అడుగు కదిలితే అంతే. పాసింజరు బండిని బొమ్మ చేసి ఆడుకో, నాకు అభ్యంతరం లేదు. అందులో ఎవరో పెళ్ళికి వెళ్తున్నారు, ఎవరో ఇంటికొస్తున్నారు. మనుషుల చేతులు నలిగిన పనిని తెచ్చి చీటీలాట చేస్తానంటే నాకు నచ్చదు.

మేనకోడలు: ఆ మాట కాదనను. ఆ వానలో నేను లేను. కానీ ఒకటి చెప్పండి. ఆ పనిలో ప్రమాదం ఒక్కటే ఉందా, తెలివి లేదా?

మామయ్య: ఎందుకు లేదు? అదంతా తెలివే. బండి రాగానే వ్యాగన్ లేబుళ్ళు చూసి, ఏది ఎక్కడ తెంపాలో, ఏ లైనులో వదలాలో తల్లోనే గీసుకోవాలి. కొత్తవాడు పది కదలికల్లో చేసేది తెలిసినవాడు ఆరింట్లో చేస్తాడు. కదలిక తగ్గితే బొగ్గు మిగులుతుంది, టైము మిగులుతుంది. అన్నిటికీ మించి మనిషి బఫర్ల మధ్యకి దూరాల్సిన సార్లు తగ్గుతాయి. మంచి షంటింగ్ మాస్టరు పోర్టరుని ఊరికే వంగనివ్వడు.

మేనకోడలు: ఈ ముక్క ఎక్కడైనా రాసి ఉందా? ఏ మ్యూజియంలోనైనా పెట్టారా? ఇంజన్లని కడిగి రంగేసి నిలబెట్టారు. మీ తల్లో గీసుకున్న గీతల్ని ఎవరూ నిలబెట్టలేదు. గుండ్రంగా తిరిగే లేఅవుటు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసేవాడి సంతోషాన్ని చూపిస్తుంది. అది నిజమైన సంతోషమే. ఈ రెండు పాయింట్ల బల్ల మాత్రం యార్డులో మనిషి ఎలా ఆలోచిస్తాడో చూపిస్తుంది. పైగా ఆ పనే ఇప్పుడు లేదు కదా?

మామయ్య: చాలావరకు పోయింది. ఎనభైల నుంచే విడి వ్యాగన్ల బుకింగు వదిలించుకుంటూ వచ్చారు. ఇప్పుడంతా ఫుల్ రేకే. బాక్స్‌ఎన్ అయితే 58 వ్యాగన్లు, గనిలో నింపితే పోర్టులోనో ఫ్యాక్టరీలోనో ఖాళీ చెయ్యడం. మధ్యలో తెంపేదీ లేదు, కలిపేదీ లేదు. రైల్వేకి అదే లాభం. నేను తప్పని అనను. ఎన్నో యార్డుల్లో గడ్డి మొలిచింది.

మేనకోడలు: అందుకే ఆవిరి కాలం పెట్టుకున్నాను. ఇప్పటి రైల్వే నాలుగడుగుల్లో నిజంగా పట్టదు. ఎనిమిది వ్యాగన్లని లెక్కపెట్టి చూసుకున్న కాలమే పడుతుంది.

మామయ్య: ఆటకి పందెం కూడా ఉందా? ఎవరు ముందు పూర్తి చేస్తే వాళ్ళు గెలిచినట్టా?

మేనకోడలు: అలాంటిది వేరే ఉంది. కాలిఫోర్నియాలో జాన్ ఆలెన్ అని మోడల్ రైల్వేల్లో పెద్ద పేరున్న మనిషి. 1972లో టైమ్‌సేవర్ అని ఒకటి ఇచ్చాడు. అయిదు పాయింట్లు, గడియారం. తక్కువ టైములో చేసినవాడు గెలిచినట్టు.

మామయ్య: గడియారం పెట్టుకుని షంటింగా? అలాంటివాణ్ణి నా యార్డులో గేటు దాటనివ్వను. షంటింగులో తొందరపడేవాడి చేతికి ఒక మనిషి ప్రాణం ఇచ్చినట్టు. రూలు ప్రకారం గంటకు పదిహేను కిలోమీటర్లకి మించకూడదు. పేలుడు సామాను ఉంటే ఎనిమిదే. తగిలించేటప్పుడు నడిచే మనిషి కంటే నెమ్మది.

మేనకోడలు: అందుకే అది తీసుకోలేదు. పైగా మీ రూలే నా బల్లని పెద్దది చేస్తుంది. లెక్క చూడండి. మీ ఎక్స్‌ప్రెస్ గంటకు 110 మీద వెళ్తే హెచ్‌ఓలో సెకనుకి 35 సెంటీమీటర్లు. నా బల్ల మూడున్నర సెకన్లలో అయిపోతుంది. పదిహేను మీద వెళ్తే సెకనుకి అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు, అదే బల్లకి పాతిక సెకన్లు. మనిషి నడక వేగంతో వెళ్తే నిమిషం దాటిపోతుంది. షంటింగ్ నెక్‌లోకి ఒకసారి వెళ్ళి పాయింటు మార్చి వెనక్కి వచ్చేసరికి టీ చల్లారుతుంది.

మామయ్య: ఆ వేగంలో బొమ్మ ఇంజను నడుస్తుందా? బొమ్మలన్నీ కదిలితే దూకుతాయి, లేకపోతే నిలబడిపోతాయి.

మేనకోడలు: ఖర్చంతా అక్కడే పెట్టాలి. పన్నెండు వోల్టుల డీసీ కరెంటు రెండు పట్టాల్లోంచి చక్రాలకి అందాలి. చిటికెడు మురికి చాలు, ఇంజను ఆగిపోతుంది. మన ఊరి గాలి తెలిసిందే కదా, అందుకని నికెల్ సిల్వర్ పట్టాలు. ఇనుమైతే తుప్పు పడుతుంది. ఆడే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో గుడ్డ తడిపి తుడవాలి. పాయింటులో పట్టాలు దాటుకునే చోట ప్లాస్టిక్ ముక్క ఉండే రకం చవక. పొట్టి ఇంజను సరిగ్గా ఆ ముక్క మీదే ఆగిపోతుంది. కరెంటు పారే రకం కావాలి. పెద్ద లేఅవుటుకి అలాంటివి ముప్పై కొనాలంటే చేతకాదు. నాకు కావాల్సింది రెండే. మంచి ఇంజను ఒకటి, మంచి పాయింట్లు రెండు. చిన్నది కట్టడంలో అదో సుఖం.

మామయ్య: వ్యాగన్లు విడదీసేది ఎలా?

మేనకోడలు: కేడీ అని అయస్కాంతం కప్లింగులున్నాయి. పట్టాల మధ్య అయస్కాంతం పెడితే, దాని మీద ఆగి బిగువు కాస్త వదలగానే అవే విడిపోతాయి. చెయ్యి పెట్టక్కర్లేదు.

మామయ్య: చూశావా! అసలు మనిషినే తీసేశావు. ఇందాకటిదాకా యార్డు మనిషి తెలివి అన్నావు, నిజమైన గేజి అన్నావు. కప్లింగు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ వంగరు, ఎవరూ దూరరు, వ్యాగన్లు వాటంతటవే విడిపోతాయి. పోర్టరుని రెండు సెంటీమీటర్ల బొమ్మ చేసి పక్కన నిలబెడతావు. బొమ్మల కొలువులో కోమటి దంపతుల్లాగా వాడు ఉలకడు, పలకడు. గేజిలో పావు మిల్లీమీటరు లెక్కపెట్టినదానివి, మనిషిని లెక్కలోంచి ఎగరగొట్టావు.

మేనకోడలు: మరేం చెయ్యమంటారు?

మామయ్య: అయస్కాంతం వద్దు. తీగ కొక్కెం పెట్టు. ఎవరో ఒకరు సన్నపుల్ల పట్టుకుని వంగి తీసేదాకా విడిపోకూడదు. ఇంజను నడిపేవాడు ఒకడు, కప్లింగు తీసేవాడు ఇంకొకడు. కప్లింగు మనిషి పచ్చజెండా ఊపేదాకా ఇంజను కదలకూడదు. ఎర్రజెండా చూపినా, రెండు చేతులూ తలపైకి ఎత్తినా ఎక్కడున్నది అక్కడే ఆగాలి. పుల్ల ఇంకా వ్యాగన్ల మధ్య ఉండగా ఇంజను కదిలితే ఆట అక్కడితో ఆఖరు, చీటీలు మళ్ళీ కలపాలి. ఇదీ రూలు.

మేనకోడలు: అలాగైతే ఎప్పుడూ ఇద్దరుండాలి. ఆఫీసు నుంచి వచ్చి, రాత్రి పదకొండింటికి ఒక్కదాన్నే కూర్చుని ఆడుకుందామనే కదా ఇది మొదలుపెట్టింది. నా చేత్తో రెగ్యులేటరు, నా చేత్తోనే పుల్ల. ఏం తప్పు?

మామయ్య: తప్పేం లేదు, దాన్ని ఆట అను. యార్డు అనకు. ఒకడే అన్నీ చేసే యార్డు భూమ్మీద లేదు. కనిపించని డ్రైవరు, కనిపించని పోర్టరు చెయ్యి ఊపుతాడని నమ్మి కదులుతాడు. ఆ నమ్మకం లేకపోతే నీ 6720 వరసలూ అంకెలే.

మేనకోడలు: రోజూ ఇద్దరు దొరకరు మామయ్యా. మీ రూలు పెడితే బండి నెలకోసారి కదులుతుంది. నావైపు నుంచి ఒక మాట: ఒంటరిగా ఉంటే పుల్ల కింద పెట్టి, చెయ్యి పూర్తిగా వెనక్కి తీసుకున్నాకే రెగ్యులేటరు ముట్టుకుంటాను. రెండు పనులూ ఒకేసారి చెయ్యను. ఇద్దరుంటే మీ జెండాల రూలు.

మామయ్య: సగం ఒప్పుకుంటాను. ఏదీ, ప్లాను ఇలా ఇవ్వు. అట్ట మీద అసలు సైజులో గీశావా?

మేనకోడలు: ముందు కాగితం మీదే. పట్టాలు కొనకముందే కాగితం వ్యాగన్లు కత్తిరించి, ఎనిమిదింటినీ జరుపుకుంటూ ఆడి చూడాలి. విసుగొస్తే కాగితమే కదా, చించెయ్యొచ్చు. బాగుంటే ప్లైవుడ్ కోయించడం, ఫెవికాల్ డబ్బా తియ్యడం.

మామయ్య: అది మంచి పద్ధతి. ఇదేమిటి, పాయింట్లకి ఆనుకుని ఈ డబ్బా?

మేనకోడలు: ఉప్పు గోడౌను. నౌపడ అంటే ఉప్పు కదా. ముందువైపు ఉంటే చూడటానికి బాగుంటుందని పాయింట్ల పక్కన పెట్టాను.

మామయ్య: చూడటానికి! పాయింట్ల పక్కన ఉప్పు దింపుతారా ఎవరైనా? నెలలో రాడ్లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ఏ షంటింగ్ మాస్టరూ ఒప్పుకోడు. పెద్ద లైను ఆ చివరకి జరుపు.

మేనకోడలు: ఆ చివర డెడ్ ఎండు. గోడౌను అక్కడ పెడితే బఫర్లు ఇటు జరపాలి, అయిదు వ్యాగన్ల లైనులో నాలుగే పడతాయి. నాలుగైతే ఇంగిల్‌నూక్ పనిచెయ్యదు.

మామయ్య: ఉప్పు మాత్రం పాయింట్ల దగ్గర ఉండటానికి వీల్లేదు.

మేనకోడలు: అయితే బల్ల ఇంకో ఏడు సెంటీమీటర్లు పెంచుతాను. చెప్పుల స్టాండు దాటి కొంచెం బయటికి వస్తుంది, అంతే కదా.

మామయ్య: కుదరదు. నాలుగడుగులన్నావు, నాలుగడుగుల్లోనే తేల్చు. చోటు చాలకపోతే పెంచుకుంటూ పోవడానికి ఇదేమన్నా హాంబర్గా?